నిఘంటువును వెనక నుంచి చదవడం: గళ్లనుడికట్టు పూరించేవారికి ఒక పద్ధతి

నిఘంటువులో మాట ముందుంటుంది, అర్థం తరువాత వస్తుంది. గళ్లనుడికట్టులో అర్థం ముందు ఇచ్చి, మాటను మనల్ని వెదుక్కోమంటారు. ఈ రెండింటి నడక ఎదురెదురుగా ఉండడం వల్లనే, ఇంట్లో మంచి నిఘంటువులున్నవారు కూడా ఆదివారం అనుబంధంలోని పజిల్ ముందు కూర్చుని, ఆధారంలో ఉన్న మాటను నిఘంటువులో తీసి, తమకు ముందే తెలిసిన అర్థం కనబడగానే విసుగుతో పుస్తకం మూసేస్తుంటారు. ఆధారంలో 'పాము' అని ఉంటే పాము అంటే ఏమిటో మనకు తెలుసు. తెలియవలసినది, 'పాము' అన్న మాట ఏయే పదాల అర్థాల్లో కూర్చుని ఉన్నదన్నది. పజిల్ కూర్చేవారు చాలావరకు ముందు సమాధానాన్ని గళ్లలో అమర్చుకుంటారు, ఆ తరువాత నిఘంటువు తెరిచి, దాని ఎదుట ఉన్న రెండు మూడు అర్థాల్లో ఒకదానిని తీసి ఆధారంగా రాస్తారు. వారు వచ్చిన దారిలోనే మనం వెనక్కి వెళ్లాలి.

పద్ధతిలోకి దిగేముందు గళ్ల లెక్క సంగతి తేల్చుకోవాలి. 1913 డిసెంబరు 21న న్యూయార్క్‌లోని ఒక పత్రికలో ఆర్థర్ విన్ అచ్చువేసిన తొలి పజిల్ ఇంగ్లీషు అక్షరాల కోసం పుట్టినది కనుక, అందులో ఒక్కో గడికి ఒక్కో అక్షరం సరిపోయింది. తెలుగులో గుణింతమూ, ఒత్తూ, సున్నా అన్నీ ఒకే గడిలో ఇముడుతాయి. కర్నూలుకు మూడు గళ్లు, కడపకు మూడు, అనంతపురానికి అయిదు. చివర పొల్లు వస్తే దానికి ఎక్కువమంది వేరే గడి ఇస్తారు. ఇక్కడే కొత్తవారిని తికమక పెట్టేది మరొకటి ఉంది. పాత నిఘంటువుల్లో పదాలు 'ము' కారంతో ముగుస్తాయి, పత్రికల పజిళ్లలో ఎక్కువగా సున్నాతో ముగుస్తాయి. 'ఉరగము' నాలుగు గళ్లు తీసుకుంటే 'ఉరగం' మూడింటితో సరిపోతుంది. కాబట్టి నిఘంటువులో దొరికిన మాట ఒక్క గడి ఎక్కువైనంత మాత్రాన దానిని పారేయకూడదు. 'ము'ను సున్నా చేసి మళ్లీ లెక్కపెట్టాలి. కొందరు కూర్పరులు అవసరాన్ని బట్టి రెండు రూపాలనూ వాడుకుంటారు, ఒకే పజిల్‌లో వాడేవారూ ఉన్నారు. అది మంచి అలవాటు కాదని నా అభిప్రాయం, కాని పూరించేవారు దానికి సిద్ధపడి ఉండాలి.

ఒక మూల తీసుకుని చూద్దాం. అడ్డం ఆధారం 'ఎండకు అడ్డుపడేది (4)'. పక్కన ఉన్న అంకె గళ్ల సంఖ్య. దాని మొదటి గడి నుంచి కిందికి దిగే నిలువు ఆధారం 'శ్రావణానికి ముందు వచ్చే నెల (3)'. మూడవ గడి నుంచి కిందికి దిగేది 'పాము (3)'. నెల పేరు ఆషాఢమని వెంటనే తెలుస్తుంది, అందువల్ల అడ్డం మాట 'ఆ'తో మొదలవుతుంది. ఎండకు అడ్డుపడేది గొడుగే అయి ఉండాలి, కాని 'గొడుగు' మూడే గళ్లు, పైగా 'ఆ'తో మొదలుకాదు. 'ఛత్రం' రెండు గళ్లే. ఇక్కడ చాలామంది గొడుగు చుట్టూనే తిరుగుతారు. ఆధారంలో ఉన్నది గొడుగు కాదు, ఎండ. నిఘంటువులో 'ఎండ' తీస్తే దాని ఎదుట 'ఆతపము' కనబడుతుంది. ఇప్పుడు 'ఆతపము' ఉన్న పుట తెరిచి, ఆ మాట దగ్గరే ఆగకుండా పైకీ కిందికీ చూడాలి. 'ఆతప' అన్న ముక్కతో మొదలయ్యే మాటలన్నీ అక్షరక్రమం వల్ల ఒకే చోట వరుసగా ఉంటాయి. వాటిలో 'ఆతపత్రము' ఉంటుంది, దాని అర్థం గొడుగు. సున్నాతో రాస్తే నాలుగు గళ్లు సరిగ్గా నిండుతాయి.

ఆ మూలలో ఇంకా మిగిలింది పాము. మూడు గళ్ల పాములు చాలా ఉన్నాయి: ఉరగం, పన్నగం, భుజగం, భుజంగం, అచ్చతెలుగులో చిలువ. 'ఆతపత్రం' ఇంకా దొరకలేదనుకున్నా, వీటిలో 'ఉరగం' నిలవదని ముందే చెప్పవచ్చు. ఆ మాట మొదటి అక్షరం అడ్డం మాటకు మూడవ అక్షరం కావాలి. తెలుగు మాట నడుమ 'ఉ' వంటి అచ్చు విడిగా నిలబడడం అరుదు. 'ఆతపత్రం' తేలగానే 'ప' ఖాయమై, పన్నగం ఒక్కటే మిగులుతుంది. నిఘంటువు ఇచ్చిన అయిదు మాటల్లో సరైనది ఏదో చెప్పేది ఖండించుకునే గడి, అంటే అడ్డం మాటా నిలువు మాటా కలిసే గడి, మాత్రమే. అందుకే నిఘంటువులో మొదట కనబడిన పర్యాయపదాన్ని పెన్నుతో రాసేయడం నష్టం. ఎదురుగా ఉన్నవన్నీ పెన్సిలుతో పక్కన రాసుకుని, గడులు తేల్చేదాకా ఆగాలి.

ఆధారంలో ఉన్న మాటల్లో దేనిని వెదకాలన్నది పద్ధతి అంతటికీ మూలం. 'ఒక', 'గలది', 'చేయునది', 'ఉండేది' వంటివి నిఘంటువులో ప్రతి పుటలోనూ ఉంటాయి, వాటితో ఏమీ తేలదు. ఆధారంలో అన్నిటికంటే అరుదైన మాటను పట్టుకోవాలి. 'నాగలి పట్టేవాడు (4)' అని ఉంటే 'పట్టేవాడు' వదిలేసి నాగలి తీయాలి. అక్కడ 'హలము' దొరుకుతుంది, 'హలము' నుంచి 'హాలికుడు' వస్తాడు. ఇదే ఆధారం 'రైతు (4)' అని ఉంటే కర్షకుడూ హాలికుడూ ఇద్దరూ పోటీకి వస్తారు, ఖండించే గడి తేల్చాలి. కృషీవలుడు అయిదు గళ్ల మనిషి కనుక ఆ పోటీలోకే రాడు. మంచి కూర్పరి ఆధారంలో ఒక్క మాట ఎక్కువ రాశాడంటే, దానిలో సమాధానపు ధాతువో, సమాసంలోని ఒక ముక్కో దాగి ఉన్నదని అనుమానించాలి.

ఒక్క మెట్టుతో సమాధానం దొరకనప్పుడు రెండవ మెట్టు ఎక్కాలి. 'లేత ఆకు (4)' అన్న ఆధారాన్ని చూడండి. 'లేత ఆకు' శీర్షికగా ఏ నిఘంటువులోనూ ఉండదు, కాని లేత ఆకును మనం చిగురు అంటాం. చిగురు తీస్తే 'పల్లవము' కనబడుతుంది. పల్లవం మూడు గళ్లే. అక్కడ ఆగకుండా 'పల్లవము' తీస్తే, అక్కడో దాని పర్యాయపదాల్లోనో 'కిసలయము' పలకరిస్తుంది. కిసలయం నాలుగు గళ్లు. నా అనుభవంలో మూడవ మెట్టు దాటాక దొరికే మాటలు ఆధారానికి చాలా దూరమవుతాయి. అక్కడిదాకా వెళ్లి ఇరికించిన మాట తరువాత నాలుగు ఆధారాలను పాడుచేస్తుంది.

ఏ నిఘంటువు ఏ పనికి వస్తుందో తెలుసుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. బహుజనపల్లి సీతారామాచార్యుల 'శబ్దరత్నాకరము' 1885లో వచ్చింది. ఇంట్లో ఒకే ఒక్క నిఘంటువు ఉంచుకోవాలంటే నేను దానినే చెబుతాను. మాట పక్కన చిన్నగా ఉండే సంకేతాలను చాలామంది దాటేస్తారు, కాని పజిల్‌కు అవే ముఖ్యం. 'సం.' అంటే సంస్కృతం, 'దే.' అంటే దేశ్యం, 'వై.' అంటే వైకృతం (వికృతి), 'వి.' విశేష్యం (నామవాచకం), 'విణ.' విశేషణం. ఆధారంలో 'ఆశ్చర్యానికి వికృతి (4)' అని ఉన్నప్పుడు వైకృతపు గుర్తు ఉన్న 'అచ్చెరువు'ను ఊహతో కాక రుజువుతో రాయవచ్చు. సూర్యరాయాంధ్ర నిఘంటువు 8 సంపుటాల్లో ఉంది. అందులో కావ్యాల నుంచి ప్రయోగాలు కూడా ఇస్తారు కనుక, అరుదైన మాట నిజంగా ఆ అర్థంలో వాడారా లేదా అని సరిచూసుకోవడానికి మంచిది. ఇంట్లో పెట్టుకోవడం అందరికీ సాధ్యం కాదు, జిల్లా కేంద్ర గ్రంథాలయంలో చూసుకోవచ్చు.

అయితే అర్థం నుంచి మాటకు వెళ్లాలన్న మన అవసరానికి అసలు సరిపోయేలా కట్టినవి పద్యరూపంలో ఉన్న పాత నిఘంటువులు. అవి అకారాదిక్రమంలో ఉండవు, విషయక్రమంలో ఉంటాయి. ఒక వస్తువు పేరు చెప్పి దానికున్న పేర్లన్నీ వరుసగా గుప్పిస్తాయి. పైడిపాటి లక్ష్మణకవి 'ఆంధ్రనామసంగ్రహము' అచ్చతెలుగు మాటలకు, అమరసింహుడి 'అమరకోశం' సంస్కృత పదాలకు. పూర్వం పిల్లలచేత అమరం వల్లె వేయించింది కవిత్వం కోసమే అయినా, ఈ రోజు పజిల్ పూరించేవారికి అంతకంటే దగ్గరి దారి లేదు. చిక్కల్లా దేనిని ఏ వర్గంలో, అంటే ఏ విభాగంలో, చూడాలో తెలియకపోవడమే. జంతువులన్నీ సింహాదివర్గంలో ఉంటాయనుకుంటే దొరకవు. పులి, కోతి, పిల్లి, పక్షులు అక్కడున్నాయి. ఏనుగూ గుర్రమూ రాజుల సైన్యంలో భాగం కనుక క్షత్రియవర్గంలోకి వెళ్లాయి. ఆవూ ఎద్దూ ధాన్యాలూ వైశ్యవర్గంలో ఉన్నాయి. వేటగాళ్ల వెంట తిరిగే కుక్క శూద్రవర్గంలో ఉంది. 'కుక్క (4)' అన్న ఆధారానికి కావలసిన సారమేయం అక్కడ దొరుకుతుంది. పాములు పాతాళభోగివర్గంలో, చేపలూ కప్పలూ వారివర్గంలో ('వారి' అంటే నీరు) ఉన్నాయి. ఆ కాలపు సమాజం వస్తువులను ఎలా వర్గీకరించిందో ఈ అమరికలోనే కనబడుతుంది. దాని మంచిచెడ్డలు వేరే చర్చ, కాని వెదికేవారు ఆ లెక్క తెలుసుకోక తప్పదు.

అమరంలో నానార్థవర్గం ఒకటి ప్రత్యేకంగా చదవదగినది. రెండు మూడు పొంతన లేని అర్థాలను పక్కపక్కన పెట్టిన ఆధారం వచ్చిందంటే కూర్పరి ఆ వర్గం నుంచే తెచ్చాడని చెప్పవచ్చు. 'పాముకైనా ఏనుగుకైనా చెల్లే పేరు (2)' అంటే నాగం. 'సింహమైనా కోతైనా కప్పైనా (2)' అంటే హరి. ఇటువంటి వాటిలో ఒక్కో అర్థానికీ పర్యాయపదాల జాబితా రాసి, రెండు జాబితాల్లోనూ ఉన్న మాటను తీసుకోవాలి. ఏనుగుకు మూడు గళ్ల మాటలే కుంజరం, మాతంగం, వారణం, ద్విరదం, సింధురం అంటూ చాలా ఉన్నాయి కనుక, ఒక్క అర్థంతో ఊహించబోతే తేలదు; రెండవ అర్థం వడపోస్తుంది.

కడపలో ఉన్నవారికి బ్రౌన్ నిఘంటువు గురించి వేరుగా చెప్పనక్కరలేదనిపిస్తుంది, కాని పజిల్ కోసం దానిని వాడే తీరు వేరు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈ ఊళ్లో ఉద్యోగం చేసిన రోజుల్లోనే పండితులను పెట్టుకుని తెలుగు రాతప్రతుల పని నడిపించాడు. ఆయన బంగళా ఉన్న చోటనే, ఎర్రముక్కపల్లెలో, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం వెలిసింది. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అర్థాలను ఇంగ్లీషులో ఇస్తుంది. అందువల్ల తెలుగు ఆధారాన్ని ఒకసారి ఇంగ్లీషులోకి మార్చి, ఆ ఇంగ్లీషు మాటతో వెదకాలి. పుస్తకంలో ఇది కుదరదు. చికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయంలో 1903 నాటి కూర్పు ఉంది, అందులో శీర్షికల్లోనే కాక అర్థాల్లో కూడా మాటను వెదకవచ్చు. అయితే కంపెనీ కాలపు ఇంగ్లీషులో ఆలోచించాలి. ఈ రోజు మనం చెరువును లేక్ అని రాస్తాం. బ్రౌన్‌కు చెరువంటే ట్యాంక్. చెట్ల పేర్లకు ఆయన తరచుగా లాటిన్ పేర్లు ఇస్తాడు, అవి తెలిస్తే ఇంకా సులువు.

ఈ దత్తమండలాల్లో, అంటే రాయలసీమలో, కచేరీ మాటలు (సర్కారు కార్యాలయాల మాటలు) ఇంకా నోళ్లలో ఉన్నాయి, పజిళ్లలోనూ తరచుగా వస్తాయి. 'ఏటేటా భూమిశిస్తు లెక్క తేల్చడం (4)' అంటే జమాబంది. అటువంటి వాటికి సంస్కృత నిఘంటువుల్లో చూసి లాభం లేదు. అరబ్బీ, పారసీ, హిందుస్తానీల నుంచి తెలుగులోకి వచ్చిన మాటల కోసం బ్రౌన్ 1854లో మిశ్ర భాషా నిఘంటువును విడిగా అచ్చువేయించాడు. ఆధారంలో తహసీలు, అదాలతు, ఫౌజు వాసన తగిలితే అటు వెళ్లాలి.

ప్రాంతం మాటలకు మాత్రం పుస్తకం కంటే మన చెవులే ముందు. కోస్తాలో కూర్చిన పజిల్‌లో 'సీమవారి మరమరాలు (4)' అని కనబడితే కర్నూలులోనో అనంతపురంలోనో ఉన్నవారు నిఘంటువు ముట్టకుండానే 'బొరుగులు' అని రాస్తారు. ఉగ్గాని తినేవారికి అది ప్రశ్నే కాదు. 'బొబ్బర్లు (5)' అంటే అలసందలు. మనకు తెలియని ప్రాంతపు మాట వచ్చినప్పుడు భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశాలు అక్కరకు వస్తాయి. వ్యవసాయ పదాల సంపుటం 1962లోనూ, చేనేత పదాలది 1971లోనూ వచ్చాయి. ఏ మాట ఏ ప్రాంతంలో వాడుకలో ఉన్నదో కూడా వాటిలో తెలుస్తుంది.

ఫోనులోనో కంప్యూటరులోనో వెదికేవారు పాత రాతపద్ధతిని మనసులో ఉంచుకోవాలి. 'ఏనుగు' అని కొట్టి ఏమీ రాలేదని వదిలేస్తారు. పాత నిఘంటువులో అది అరసున్నతో 'ఏనుఁగు' అని ఉంటుంది. అలాగే 'సూర్యుఁడు', 'తీఁగ'. 'చెరువు' అక్కడ బండి ఱతో 'చెఱువు'. మాట మొత్తం కొట్టకుండా మారని భాగాన్ని మాత్రమే, అంటే 'సూర్యు' అనో 'ఏను' అనో, కొడితే ఎక్కువ ఫలితాలు వస్తాయి. అక్కర్లేనివి కూడా వస్తాయి, వాటిని కంటితో ఏరుకోవాలి. అర్థాలు రాసే తీరులోనూ ఒక మూస ఉంది. 'ఒక చెట్టు (3)' అని ఆధారం ఉంటే 'చెట్టు' అని వెదికే బదులు 'వృక్షవిశేషము' అని కూడా వెదకండి. పక్షికి 'పక్షివిశేషము', నగకు 'ఆభరణవిశేషము'. కూర్పరి ఆ పొడి మాటనే తేలిక చేసి 'ఒక చెట్టు', 'ఒక పక్షి' అని రాసి ఉంటాడు. ఇంకొకటి, స్కాన్ చేసిన పుస్తకాల్లో పుటలు బొమ్మలుగా ఉంటాయి కనుక చాలావాటిలో మాట వెదకడం కుదరదు. వాటిని పుస్తకంలాగే పుటలు తిప్పి చూసుకోవాలి.

ఆధారపు వ్యాకరణం సమాధానపు చివరి అక్షరాన్ని చాలాసార్లు ముందే చెబుతుంది. 'వాడు' అని ఉంటే చివర 'డు' రావచ్చు, క్రియ ఇస్తే క్రియే రావాలి. బహువచనం ఇస్తే చివరి గడిలో 'లు' అని పెన్సిలుతో రాసుకునే అలవాటు మంచిదే, కాని నీళ్లు, పాలు, వడ్లు వంటి మాటలు తెలుగులో ఎప్పుడూ బహువచనంలోనే ఉంటాయని మరవకూడదు. 'పాలు (2)' అన్నదానికి క్షీరం వస్తుంది, అందులో 'లు' ఎక్కడా లేదు.

కొందరు కూర్పరులు అర్థానికి ఒక మెలిక జోడిస్తారు. అక్కడా నిఘంటువే మొదటి మెట్టు, మెలిక రెండవది. 'తిరగబడిన తీగ మీద జుట్టు (2)' అంటే ముందు తీగకు రెండు గళ్ల మాట చూడాలి: లత. తిరగేస్తే తల. 'తల తెగిన కిరీటం కుండ అయింది (2)' అంటే కిరీటానికి మకుటం, మొదటి అక్షరం పోతే కుటం. కుటమంటే కుండ అని నిఘంటువులో మళ్లీ చూసుకుని ఖాయపరచుకోవచ్చు. ఇలా రెండు వైపులా రుజువు ఉండే ఆధారాలు రాసేవారంటే నాకు గౌరవం. 'శివుని విల్లుతో మొదలై మన జిల్లాల్లో పారేది (4)' అంటే పినాకం నుంచి పినాకిని, అంటే పెన్న. దీనికి నిఘంటువుతో పాటు భూగోళమూ కావాలి.

దొరికిన మాటను గళ్లలో రాసేముందు తప్పనిసరిగా చేయవలసినది ఒకటి ఉంది. ఆ మాటను శీర్షికగా తీసి, దాని అర్థంలో ఆధారపు మాట నిజంగా ఉన్నదా అని చూడాలి. ఉంటే ధైర్యంగా రాయవచ్చు. లేకపోతే అది దగ్గరి మాటే తప్ప అదే మాట కాదు, పెన్సిలులోనే ఉంచాలి.

చివరిగా ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. తెలుగు పజిళ్లలో తామర, సూర్యుడు, చంద్రుడు, సముద్రం, పాము, ఏనుగు, మేఘం మళ్లీ మళ్లీ వస్తాయి కనుక ఒక్కోదానికి ఒక పుట ఇచ్చి, గళ్ల సంఖ్య ప్రకారం నిలువు వరుసలు గీసుకుంటే సరిపోతుంది. తామర పుటలో రెండు గళ్ల కింద అబ్జం, కంజం. మూడు గళ్ల కింద కమలం, నళినం, పంకజం, రాజీవం. నాలుగు గళ్ల కింద అరవిందం, తామరసం, శతపత్రం, పుండరీకం, కోకనదం. అయిదు గళ్ల కింద సరసీరుహం. పక్కన చిన్న గుర్తులు కూడా రాయాలి, ఎందుకంటే పుండరీకం తెల్ల తామర, కోకనదం ఎర్ర తామర; ఆధారంలో రంగు చెప్పినప్పుడు ఆ వరుసలోని మిగిలిన నాలుగింటినీ ఆ గుర్తు చూసి కొట్టేయవచ్చు.